విత్తనం పడని క్షేత్రం

లివర్‌మోర్ అనగానే బే ఏరియా తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది శివవిష్ణు ఆలయం. కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మేమూ ఆ గుడికి వెళ్తాం. దర్శనం అయ్యి, ప్రసాదం తిని అందరూ కారెక్కుతుంటే నేను ఒక్క మాట అడుగుతాను: "వాస్కో రోడ్డు మీదుగా తీసుకెళ్లమ్మా." ఊరి తూర్పు అంచున కంచె వెనకాల వరసగా భవనాలు కనిపిస్తాయి. అది లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల. లోపలికి వెళ్లే వీల్లేదు. వెళ్లినా నేను చూడాలనుకున్నది ఇప్పుడక్కడ లేదు. అమ్మాయి కారు ఆపదు, వేగం కాస్త తగ్గిస్తుంది. అంతే చాలు నాకు.

"అక్కడ ఎవరైనా చనిపోయారా తాతా?" అని మనవడు ఒకసారి అడిగాడు. నా మొహం అలా ఉందేమో. మనిషి కాదురా, యంత్రం అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇంటికొచ్చాక కూర్చోబెట్టి చెప్పిన కథే ఇది.

దాని పేరు ఎంఎఫ్‌టీఎఫ్-బి. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని నేల మీద సాధించే దారి వెతకడానికి, అతివాహక అయస్కాంతాలతో కట్టిన మహాయంత్రం. 1977 నుంచి 1986 దాకా తొమ్మిదేళ్లు కట్టారు. 372 మిలియన్ డాలర్లు అయింది. దాని అయస్కాంతాలను చల్లబరిచారు, కరెంటు ఎక్కించారు, క్షేత్రం లేచిందని నిరూపించారు. 1986 ఫిబ్రవరి 21న నిర్మాణం పూర్తయిందని ప్రకటించారు. ఆ తర్వాత ఒక్క ప్రయోగమైనా చేయకుండా మూసేశారు.

మన భాషలో క్షేత్రం అంటే పొలం కూడా. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, అయస్కాంత క్షేత్రం అనే మాట వేలసార్లు పలికి ఉంటాను. దాని అసలు బరువు మాత్రం ఈ యంత్రం కథ చదివాకే తెలిసింది. దుక్కి దున్ని, గట్లు వేసి, మడి నిండా నీరు కట్టి, ఇక నాట్లే తరువాయి అన్న పొద్దున రైతుని గట్టు మీంచి లేపి పంపేస్తే ఎలా ఉంటుంది? లివర్‌మోర్‌లో జరిగింది అదే.

మా కాలేజీ ల్యాబులో ఒక హాల్ ప్రోబ్ ఉండేది. కొసన చిటికెనవేలి గోరంత పలక, దానికి నాలుగు సన్నటి తీగలు. రెండు తీగల ద్వారా కరెంటు పంపుతాం, మిగతా రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాం. పలకను విద్యుదయస్కాంతం ధ్రువాల నడుమకి దించగానే అందులో పరుగెత్తే ఎలక్ట్రాన్లు ఒక పక్కకి ఒత్తుకుపోతాయి, మీటర్లో అంకె లేస్తుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సంగతి ఇది. పిల్లలకి నేను చెప్పేది ఒకటే. ప్రోబ్‌ని మెల్లగా తిప్పండి, అంకె ఎక్కడ గరిష్ఠమో అక్కడ ఆగండి, అప్పుడు రాసుకోండి. పలక వాలితే అంకె తగ్గుతుంది. క్షేత్రం తగ్గినట్టు కాదు, మీ చెయ్యి వాలినట్టు. కొందరు పిల్లలు ఊపిరి బిగబట్టి తిప్పేవాళ్లు. కంటికి కనపడనిది, చేతికి తగలనిది, ఆ గోరంత పలక దగ్గర అంకెగా మారుతుంటే వాళ్ల కళ్లల్లో ఒక వెలుగు వచ్చేది. ఆ వెలుగు చూడ్డానికే నేను పాఠం చెప్పాననిపిస్తుంది ఇప్పుడు.

మా ధ్రువాల మధ్య క్షేత్రం ఒక టెస్లాకు కూడా చేరేది కాదు. లివర్‌మోర్ అయస్కాంతాల్లో ఏడున్నర టెస్లాలు దాటింది. మన తెలుగు నేల మీద దిక్సూచిని తిప్పే భూమి క్షేత్రానికి అది దాదాపు రెండు లక్షల రెట్లు.

కథ 1952లో మొదలవుతుంది. ఆ ఏడాదే లివర్‌మోర్ ప్రయోగశాల పుట్టింది, నౌకాదళం వదిలేసిన పాత విమాన స్థావరంలో. దాని మొదటి పని బాంబులు. ఆ బాంబుల నీడలోనే రిచర్డ్ పోస్ట్ అనే యువ శాస్త్రవేత్త చిన్న బృందాన్ని కూడగట్టుకుని వేరే పని మొదలుపెట్టాడు. హైడ్రోజన్ బాంబులో ఒక్క క్షణంలో పేలే శక్తిని నెమ్మదిగా, పొయ్యిలో మంటలా, మనిషి అవసరానికి రాబట్టడం ఎలా అన్నది అతని ప్రశ్న.

కోట్ల డిగ్రీల వేడిలో పదార్థం ప్లాస్మా అవుతుంది. ఏ కుండా దాన్ని పట్టుకోలేదు. అయితే ప్లాస్మాలోని కణాలకి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి అయస్కాంత బలరేఖల చుట్టూ, తీగ చుట్టూ అల్లుకున్న పాదులా, మెలికలు తిరుగుతూ పోతాయి. బలరేఖలు ఒత్తుగా ముడుచుకున్న చోటికి, అంటే క్షేత్రం బలంగా ఉన్న చోటికి వచ్చేసరికి వాటి ముందడుగు తగ్గుతుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది. అద్దం మీద పడ్డ వెలుగు తిరిగొచ్చినట్టు. ఒక గొట్టానికి రెండు చివర్లా బలమైన అయస్కాంతాలు పెడితే నడుమ ప్లాస్మా అటూ ఇటూ కొట్టుకుంటూ అక్కడే ఉండిపోతుంది. ఇదే అయస్కాంత దర్పణం. రష్యాలో గెర్ష్ బుద్కర్ కూడా విడిగా ఇదే ఆలోచనకి వచ్చాడు. ఈ తిన్నని గొట్టాన్ని నేనూ ప్రేమించాను. టోకామాక్ అనే సంలీన యంత్రం లాగా గుండ్రంగా మూసుకుపోయిన చట్రం కాదిది, తెరిచిన ఇల్లు. రెండు గుమ్మాలు, మధ్యన నడవ. బోర్డు మీద గీస్తే పిల్లలకి రెండు నిమిషాల్లో అర్థమయ్యేది.

తెరిచిన ఇంటికి ఉన్న చిక్కే దీనికీ ఉంది. బలరేఖ వెంబడి నిటారుగా దూసుకొచ్చే కణాలను ఆ అద్దం తిప్పలేదు. అవి గుమ్మం దాటి వెళ్లిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు ప్రక్కల్లో వచ్చింది. ప్లాస్మా మధ్యలో ఉబ్బి, మడతలు మడతలుగా గోడల మీద పడేది. 1961లో మాస్కోలో మిఖాయిల్ ఇయోఫె దీనికి మందు కనిపెట్టాడు. అదనంగా కొన్ని కడ్డీలు అమర్చి, ఎటు కదిలినా క్షేత్రం పెరుగుతూనే ఉండేటట్టు చేశాడు. మన వంటింటి గిన్నె అడుగున పెట్టిన గోళీ గుర్తు తెచ్చుకోండి. ఎటు తోసినా మళ్లీ అడుగుకే వస్తుంది. ప్లాస్మాకి అలాంటి గిన్నె దొరికింది.

ఆ గిన్నె ఆకారాన్ని ఒకే చుట్టతో తేవాలని లివర్‌మోర్ వాళ్లు బేస్‌బాల్ కుట్టులాంటి చుట్ట చేశారు. ఆ తర్వాత వచ్చినది ఇన్-యాంగ్ చుట్ట. రెండు అరచేతులను దోసిలిలా వంచి, ఒకదానికి ఒకటి ఎదురుగా, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పట్టుకుని చూడండి. అదే దాని రూపు. రెండు 'సి' అక్షరాలు ఒకదాన్నొకటి కౌగిలించుకోబోయి ఆగినట్టుంటుంది. మధ్యలో ఉన్న ఖాళీలో ప్లాస్మా నిలవాలి. అయస్కాంతాల్లో ఇంత అందమైన రూపం నేను ఇంకోటి చూడలేదు.

1975లో 2ఎక్స్‌-2బి అనే చిన్న దర్పణ యంత్రంలో ఫ్రెడ్ కోయెన్స్‌జెన్ బృందం అయాన్లను దాదాపు పది కోట్ల డిగ్రీల దాకా వేడెక్కించింది. అది చమురు సంక్షోభం నాటి కాలం. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజులు ఇంకా అందరి మనసుల్లో పచ్చిగా ఉన్నాయి. సంలీనం మీద ప్రభుత్వానికి ఒక్కసారిగా ఆశ పుట్టింది. అయితే ఒంటరి దర్పణం ఇచ్చే శక్తి, దానికి పెట్టే శక్తిని ఎంతో మించదని లెక్కలు చెబుతున్నాయి. దీనికి కూడా దారి దొరికింది. 1976లో లివర్‌మోర్‌లో కెన్నెత్ ఫౌలర్, గ్రాంట్ లోగన్, విడిగా నోవొసిబిర్స్క్‌లో దిమోవ్ ఒకే ఆలోచన చేశారు. పొడవాటి గొట్టం ఒకటి, దాని రెండు చివర్లా రెండు దర్పణ యంత్రాలు బిరడాల్లా. ఆ బిరడాల్లో ఏర్పడే ధన విద్యుత్ పీడనం మధ్యలోని అయాన్లను లోపలికి నెడుతుంది. జంట దర్పణం అన్నారు దీన్ని. దాన్ని పరీక్షించడానికి కట్టిన టీఎంఎక్స్ యంత్రం 1979 నుంచి 1980 దాకా చేసిన ప్రయోగాల్లో ఆలోచన నిజమేనని తేలింది.

1980 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ అయస్కాంత సంలీన చట్టం మీద సంతకం చేశాడు. ఇరవై ఏళ్లలో, ఇరవై బిలియన్ డాలర్ల అంచనాతో, శతాబ్దం ముగిసేలోగా ప్రదర్శన యంత్రం అన్నది ఆ చట్టం మాట. ఎంఎఫ్‌టీఎఫ్ మొదట ఒంటి దర్పణంగా 1977లో మొదలైంది. ఇప్పుడు జంట దర్పణంగా పెద్దదై, పేరు చివర 'బి' తగిలించుకుంది. అరవై మీటర్లు దాటిన పొడవు, పది మీటర్లకు పైగా వ్యాసం ఉన్న శూన్యపాత్ర. అందులో రైలు బోగీని పెట్టినా పైన చోటుంటుంది.

1981లో మొదటి ఇన్-యాంగ్ అయస్కాంతాన్ని తయారీ స్థలం నుంచి యంత్రం ఉండే భవనానికి తరలించారు. 375 టన్నులు. ఆనాటి ఫోటోలు చూశాను. బలమైన బండి మీద రెండు అరచేతుల ఆకారం, ఇల్లంత ఎత్తున, పక్కన నడిచే మనుషులు చీమల్లా. మన ఊళ్లల్లో రథోత్సవం రోజు రథం కదులుతుంటే ముందు నడిచేవాళ్ల ముఖాల్లో ఒక జాగ్రత్త, ఒక భయం, ఒక సంబరం కలిసి ఉంటాయి. ఆ ఫోటోల్లో ముఖాలు చిన్నగానే ఉన్నాయి. అయినా నాకు అవే కనిపించాయి.

ఇక ఆ అయస్కాంతానికి పెట్టిన పరీక్ష సంగతి. ఇక్కడే నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికంటే దగ్గరిది ఇదే.

అతివాహక తీగ నయోబియం-టైటానియం మిశ్రమం. గది వేడిలో అది మామూలు లోహం కంటే నాసి. సున్నాకు దిగువన 268 డిగ్రీల దాకా ద్రవ హీలియంతో చల్లబరిస్తే దాని నిరోధం పూర్తిగా మాయమవుతుంది. కరెంటు ఒకసారి ఎక్కిస్తే నష్టం లేకుండా తిరుగుతూనే ఉంటుంది. వందల టన్నుల ఉక్కునీ తీగనీ అంత చలికి తీసుకెళ్లడం అంటే రోజుల తరబడి పని. తొందరపడితే ఒకవైపు ముడుచుకుని ఇంకోవైపు ముడుచుకోక లోహం పగులుతుంది. ఉక్కు ఆ చలిలో మీటరుకు దాదాపు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఎనిమిది మీటర్ల చుట్ట రెండు సెంటీమీటర్లకు పైగా కుంచించుకుపోతుందన్నమాట. గది వేడిలో మీరు ఎంత జాగ్రత్తగా అమర్చినా, చలికి దిగాక చుట్టలు ఎక్కడున్నాయో మళ్లీ తెలుసుకోవాలి. తెలుసుకునేదెలా? పాత్ర మూసేసి ఉంది. లోపల శూన్యం. మనిషి చెయ్యి పోదు. క్షేత్రాన్నే అడగాలి.

క్షేత్రాన్ని అడగడానికి సాధనాలు కొన్నే ఉన్నాయి. హైడ్రోజన్ కేంద్రకాలు టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ లెక్కన కంపిస్తాయి కనక, ఆ కంపనం వింటే క్షేత్రం దశాంశాల దాకా తెలుస్తుంది. ఆ సాధనానికి ఒక నియమం ఉంది, క్షేత్రం సమంగా ఉండాలి. దర్పణంలో ఎటు చూసినా ఎత్తుపల్లాలే, ఆ కంపనం చెదిరిపోతుంది. చిన్న తీగచుట్ట పెట్టి, క్షేత్రం లేస్తున్నప్పుడు దానిలో పుట్టే వోల్టేజీని కూడుకుంటూ పోవడం ఇంకో పద్ధతి. ఆ కూడికలో ఆవగింజంత తప్పు గంటలు గడిచేసరికి గుమ్మడికాయంత అవుతుంది. గంటల తరబడి నిలిచే అతివాహక అయస్కాంతాల దగ్గర ఈ తప్పే పెద్ద తలనొప్పి, ఈనాటికీ. మిగిలింది నా పాత నేస్తం, హాల్ పలక. మొండిది, నిజాయితీ గలది. ఎంత ఎత్తుపల్లాల చోటైనా ఆ గోరంత బిందువు దగ్గర ఎంతుందో చెబుతుంది. చలిలో దాని లెక్క మారుతుంది కాబట్టి ముందే ఆ చలిలో కొలిచి పట్టిక రాసుకోవాలి, అంతే.

ఇంత కచ్చితం ఎందుకంటే ప్లాస్మాలోని ఎలక్ట్రాను బలరేఖనే దారిగా పట్టుకుంటుంది. చుట్ట కొద్దిగా పక్కకి జరిగితే దారి గోడ వైపు వంగుతుంది. ఎన్ని కోట్ల డిగ్రీల వేడి పోగేసినా ఆ వంపులో జారిపోతుంది. పొలంలో గట్టు ఒక్కచోట జారితే మడంతా ఎండుతుంది, రైతుకి ఇది చెప్పక్కర్లేదు.

1982 ఫిబ్రవరిలో ఆ మొదటి జంట చుట్టను చల్లబరిచి కరెంటు ఎక్కించారు. ఐదున్నర వేల ఆంపియర్లకు పైగా. ఏడున్నర టెస్లాల దగ్గర అయస్కాంతం తన మీద తానే చదరపు సెంటీమీటరుకు రెండు వందల కిలోలు మించిన ఒత్తిడి వేసుకుంటుంది. ఆ రెండు అరచేతులు విప్పుకోవాలని చూస్తాయి, మందపాటి ఉక్కు వాటిని విప్పుకోనివ్వకూడదు. లోపల నిలవైన శక్తి దాదాపు 400 మెగాజౌళ్లు. మన కరెంటు బిల్లు భాషలో నూట పదిహేను యూనిట్ల లోపే, మధ్యతరగతి ఇంటి నెలవాడకం. నెలంతా వాడేదాన్ని ఒక్క తీగచుట్ట మౌనంగా పట్టుకుని కూర్చుంది. ఎక్కడైనా ఒక వేలెడు తీగ కాస్త వేడెక్కి అతివాహకత పోగొట్టుకుంటే, ఆ నెల కరెంటంతా నిమిషాల్లో వేడిగా మారి బయటికి పరుగెత్తాలి. అందుకే చుట్ట పొడవునా వోల్టేజీ చూసే తీగలు కాపలా ఉంటాయి. అక్కడ సున్నా తప్ప ఏ అంకె కనిపించినా గుండె ఆగుతుంది.

సున్నాయే కనిపించింది. అయస్కాంతం నిలబడింది. గీసిన బొమ్మలో ఎంత క్షేత్రం ఉండాలో అంతా లేచింది. ప్రపంచంలో అప్పటిదాకా అంత పెద్ద అతివాహక అయస్కాంతాన్ని ఆ రూపంలో ఎవరూ లేపలేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ల ఆనందం ఊహించుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి. వాళ్లకి తెలియదు, తాము చూడబోయే ఘనకార్యం అంతకుమించి లేదని.

ఎందుకు కూలిందన్నదానికి ఒక్క కారణం లేదు. నేలలోంచి వేళ్లు ఒక్కొక్కటే తెగాయి. 1968లోనే రష్యన్ల టోకామాక్ ఫలితాలు వచ్చాయి. మరుసటి ఏడాది బ్రిటిష్ బృందం మాస్కో వెళ్లి లేజర్‌తో ప్లాస్మా వేడిని కొలిచి అవి నిజమేనంది. అప్పటినుంచి లోకం అంతా ఆ గుండ్రని యంత్రం వెంట పడింది. 1982 డిసెంబరులో ప్రిన్స్‌టన్‌లో టీఎఫ్‌టీఆర్, 1983లో ఇంగ్లండులో జెట్ అనే టోకామాక్‌లు వెలిగాయి. డబ్బు అటు ప్రవహించింది. లివర్‌మోర్‌లో మార్పులతో మళ్లీ లేచిన టీఎంఎక్స్ యంత్రం, బిరడాల్లోని ఎలక్ట్రాన్ల వేడిని నడుమ ప్లాస్మా నుంచి వేరుగా ఉంచే కొత్త ఉష్ణ అడ్డుకట్టల్ని పరీక్షించింది. ప్లాస్మా పలచగా ఉన్నంతసేపూ అవి నిలిచాయి, చిక్కబడితే నిలవలేదు. దర్పణాన్ని ప్రేమించే నేను కూడా ఈ సంగతి దాచను. ప్రత్యర్థుల చేతిలో అది పదునైన కత్తి.

కార్టర్ చట్టం కాగితం మీదే మిగిలింది. చమురు ధర దిగొచ్చింది. 1985 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ లోటు బడ్జెట్‌ను కట్టడి చేసే గ్రామ్-రడ్‌మన్ చట్టం తెచ్చింది. 1986 మొదటి నెలల్లో చమురు ధర సగానికి సగం పడిపోయింది. బంకుల ముందు బారులు మరిచిపోయిన జనానికి సంలీనం ఎందుకు? ఆ ఏటి లెక్కల్లో ఎంఎఫ్‌టీఎఫ్-బి నడపడానికి డబ్బు లేదు. కట్టడానికి ఉన్నది, నడపడానికి లేదు.

నిర్మాణం మాత్రం ఆగలేదు. చివరిదాకా పూర్తి చేశారు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. చివరి అంగీకార పరీక్షల్లో అయస్కాంతాలన్నిటినీ చల్లబరిచారు, శూన్యం పట్టించారు, కరెంటు ఎక్కించారు. అంతా బాగుంది. తొమ్మిదేళ్ల చదువు చదివి పరీక్ష పాసై ధ్రువపత్రం చేతికొచ్చిన బిడ్డకి ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చోమన్నట్టయింది. గృహప్రవేశం రోజు పాలు పొంగించి, ఆ పూటే తాళం వేసి తాళంచెవి ఎవరికీ ఇవ్వకుండా పోయినట్టయింది.

ఇక ఆ గదిలో క్షేత్రం లేవలేదు. హీలియం బయటికి తీసేశారు. చుట్టలు మెల్లగా గది వేడికి వచ్చాయి. తగ్గిన ఉక్కు మళ్లీ తన పొడవుకి విస్తరించుకుంది. వోల్టేజీ తీగల్లో సున్నా అలాగే ఉంది, కానీ ఇది వేరే సున్నా.

ఆ యంత్రం పనిచేసేదా, చేయదా? ఎవరూ చెప్పలేరు. ఓడిపోయిన ప్రయోగం మనకి ఏదో ఒకటి ఇచ్చి పోతుంది. హాల్ ప్రోబ్ వంకరగా పెట్టి తప్పు రాసుకొచ్చిన విద్యార్థి కూడా నాకు ఏదో నేర్పాడు. జంట దర్పణం పెద్ద కొలతలో నిలవదని తేలి ఉంటే ఈ ఏడుపు ఉండేది కాదు. నేను తీర్పు చెప్పేంతవాణ్ణి కాకపోయినా ఒకటి మాత్రం చెప్పగలను. ఆ యంత్రాన్ని ఒక్క ఏడాదైనా నడపనివ్వాల్సింది. అది ఇచ్చే జవాబు మంచిదో చెడ్డదో మనకి దక్కేది. అడగకుండా వదిలేయడం తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

కొన్నేళ్లు అలాగే నిలబెట్టి ఉంచారు. తర్వాత విప్పారు. దానికోసం చేసిన బలమైన నయోబియం-టిన్ చుట్టల్ని 1990ల మొదట్లో లివర్‌మోర్‌లోనే ఫెనిక్స్ అనే పరీక్షా కేంద్రంలో వాడారు. 14 టెస్లాలకు దగ్గరి క్షేత్రం పుట్టించి, పలు దేశాలు కలిసి తలపెట్టిన, ఇప్పుడు ఫ్రాన్సులో కడుతున్న ఈటర్ సంలీన యంత్రం కోసం తయారవుతున్న అతివాహక కేబుళ్లను అందులో పెట్టి చూశారు. చనిపోయిన మనిషి కళ్లు ఇంకొకరికి పెట్టినట్టు. ఈటర్‌కి మొదటి బీజం పడింది 1985 నవంబరులో, రీగన్, గొర్బచేవ్ జెనీవాలో కలిసినప్పుడు. ఎంఎఫ్‌టీఎఫ్-బి మూతపడడానికి సరిగ్గా మూడు నెలల ముందు. భారతదేశం కూడా 2005లో ఆ ఈటర్‌లో చేరింది. మన ఇంజనీర్ల చేతులు దానిలో ఉన్నాయి. ఆ ఫ్రాన్సు యంత్రపు తీగలు ఏ క్షేత్రంలో పరీక్షకు నిలిచాయని వెతుక్కుంటూ పోతే దారిలో లివర్‌మోర్ చుట్టలు కూడా కనిపిస్తాయి.

రిచర్డ్ పోస్ట్ ఆ తర్వాతా ప్రయోగశాలకి వెళ్తూనే ఉన్నాడు. తిరిగే చక్రాల్లో శక్తి నిలవచేయడం, అయస్కాంతాల మీద తేలే రైలు లాంటి వాటి మీద పనిచేశాడు. దర్పణం మాత్రం మనసులోంచి పోలేదు. ఎనభై దాటాక కూడా జంట దర్పణాన్ని సులువైన గుండ్రటి చుట్టలతో ఎలా నిలబెట్టాలో వ్యాసాలు రాస్తూ వచ్చాడు. యాభై ఏళ్ల కింద తాను నమ్మినదాన్ని లోకం మూసేశాక కూడా, అంత ఓర్పుగా, నిష్ఠూరం లేకుండా మళ్లీ మళ్లీ గీసి చూపించడం చిన్న సంగతి కాదు. 1952లో తలుపు తెరిచిన మనిషి 2015 ఏప్రిల్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

నోవొసిబిర్స్క్‌లో దర్పణం పని ఆగలేదు. జపాన్‌లో త్సుకుబాలోనూ నడిచింది. రష్యన్ యంత్రంలో ఎలక్ట్రాన్ల వేడి ఎవరూ ఊహించనంతగా పెరిగింది. దాంతో అమెరికాలోనూ పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఈలోగా అతివాహక తీగ మారిపోయింది. పలచటి పట్టీలా వచ్చే కొత్త తీగ నయోబియం కంటే ఎక్కువ వేడిలోనూ, ఎన్నో రెట్లు బలమైన క్షేత్రంలోనూ కరెంటు మోస్తుంది. 2021 సెప్టెంబరులో ఎంఐటీ వాళ్లు ఆ తీగతో చేసిన పెద్ద చుట్టలో 20 టెస్లాలు కొలిచారు. ఆ బృందం నుంచి పుట్టిన కంపెనీ అదే తీగతో రెండు చుట్టలు చేసి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. దర్పణం రెండు గుమ్మాలకీ ఒక్కోటి. ఒక్కో చుట్టలో 17 టెస్లాలు. లివర్‌మోర్ ఇన్-యాంగ్ కొలతకి రెట్టింపు దాటి.

మా మనవడు ఇదంతా విన్నాక ఒకటే అడిగాడు, "మరి దీన్ని నడిపారా తాతా?" అని. నడిపారురా అన్నాను. 2024 జులైలో విస్కాన్సిన్‌లోని ఆ చిన్న దర్పణంలో మొదటిసారి ప్లాస్మా వెలిగింది. రిచర్డ్ పోస్ట్ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది.